ఆకుపచ్చ ఎక్కడిదాకా

ఆ రోజు పొద్దున్న మళ్లీ మేడమ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మొదటి పీరియడ్ పాఠం చెప్పేయాలి, తర్వాత తన గదికి వెళ్లి అలమరలు తుడవాలి, ముఖానికి ఓ చిరునవ్వు తగిలించుకుని పరిశీలకుడి కోసం ఎదురుచూడాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరికైనా అనిపిస్తుంది. ఆమెకూ అలాగే అనిపించింది.

ఆమె యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు. ఖాళీ సీసా కనిపించినా, జత పోయిన చేతి తొడుగు కనిపించినా "దీన్ని మళ్లీ వాడొచ్చు కదా" అంటుంది గనక విద్యార్థులు 'మళ్లీ మేడమ్' అని పేరు పెట్టేశారు. ఆమె కాళ్లరిగేలా తిరిగి సంపాదించిన గదికి కూడా 'మళ్లీ గది' అనే పేరు స్థిరపడింది. అందులో ఒకప్పుడు జిరాక్స్ మిషన్ ఉండేది. ఇప్పుడు చదువు ముగించుకుని వెళ్లిపోయేవాళ్లు వదిలేసిన టేబుల్ ల్యాంపులు, బకెట్లు, నీళ్లు కాచుకునే కెటిళ్లు, చలికోట్లు, పుస్తకాలు ఉన్నాయి. నేలంతా ఆకుపచ్చ రంగు. ఆ రంగు గుమ్మం దాటి వరండాలోకి ఒక పట్టీలాగా వస్తుంది. గోడల మీద, వరండా పొడవునా, ఆఖరికి క్యాంటీన్ తలుపు మీద కూడా ఆమె నియమాలు అంటించి ఉంటాయి. ఆకుపచ్చ మీద ఉన్నదేదైనా తీసుకెళ్లండి. ఎవరినీ అడగక్కర్లేదు. ఒకసారి తీసుకెళ్లిన దాన్ని తిరిగి అడిగే హక్కు ఎవరికీ లేదు.

ఆ మూడోది తర్వాత చేర్చింది. ఒక ప్రొఫెసరు గారు ఉదారంగా ఇచ్చేసిన ల్యాంపు కోసం వారం తిరక్కుండానే హాస్టల్లో గది గదికీ వెళ్లి తలుపులు కొట్టడంతో చేర్చాల్సి వచ్చింది.

చిక్కల్లా ఏమిటంటే, ఇచ్చేవాళ్లు బోలెడుమంది ఉన్నారు గానీ తీసుకునేవాళ్లే లేరు. విద్యార్థులు గుమ్మం దాకా వస్తారు, లోపలికి తొంగి చూస్తారు, ఫోనేదో వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని వెళ్లిపోతారు. వీళ్లకు అవసరం లేదా, ఇష్టం లేదా, సిగ్గా? ఈ ప్రశ్న ఆమెను నిద్రపోనివ్వడం లేదు. స్తంభం చాటున నిలబడి పూట పూటంతా గమనించింది కూడా. తేలిందల్లా స్తంభం చాటున దోమలు ఎక్కువని.

రిజిస్ట్రారు గారు మాత్రం తేల్చేశారు. "ఎవరూ వాడని సామాను పెట్టుకోవడానికే గది కావాలంటే, అలాంటి సామాను నా దగ్గరే ఉంది మేడమ్," అన్నారు. నిజమే. నేలమాళిగ నిండా ఆయన దాచిన విరిగిన కుర్చీలు, కాలు పోయిన బల్లలు, తలుపు లేని బీరువాలు ఉన్నాయి. అక్కడ నీరు ఊరుతోందని వాటికి కొత్త చోటు వెతుకుతున్నారు. ఆయన కన్ను మళ్లీ గది మీద పడింది. గది ఎవరికన్నది పై ఆఫీసు నుంచి వచ్చే పరిశీలకుడు ఆ రోజు తేల్చాలి.

ఆకాశం మబ్బు పట్టి ఉంది. గొడుగుల అర ఒక్కటే బోసిగా ఉందని ఆమె తన గొడుగును కిందటి వారమే మళ్లీ గదికి ఇచ్చేసింది, ఇచ్చినదాన్ని తిరిగి తెచ్చుకోవడానికి మనసొప్పలేదు. గత్యంతరం లేక అత్తగారి దగ్గరికి వెళ్లింది.

"అత్తయ్యా, ఈ ఒక్క రోజుకీ మీ గొడుగు ఇస్తారా?"

ఆ ఇంట్లోంచి చీపురుపుల్ల బయటికి పోవాలన్నా అత్తగారికి ప్రాణం మీదికి వచ్చినంత పని. ఆవిడ గొడుగు తెరిచి చూశారు, మూసి చూశారు, చెక్క పిడి మీద లేని దుమ్ము తుడిచారు.

"ఇది మీ మావయ్యగారు కొన్నది."

"తెలుసత్తయ్యా."

"తెలిస్తే చాలదమ్మాయ్. సాయంత్రం నువ్వు కాస్త ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదు, ఇది మాత్రం వేళకు ఇంట్లో ఉండాలి. నీ గదిలోకి మాత్రం తీసుకెళ్లకు. అక్కడికి వెళ్లింది తిరిగి రాదట కదా, మా వాడు చెప్పాడు."

"నా గదిలోకి తీసుకెళ్లనత్తయ్యా," అని కోడలు మాటిచ్చింది. ఆ మాట తప్పలేదు కూడా. గదే గొడుగు దగ్గరికి వస్తుందని ఆమె కలగనలేదు.

యూనివర్సిటీకి చేరేసరికి వరండా నేల మీద ఈ చివర నుంచి ఆ చివరిదాకా పాత పేపర్లు పరిచి ఉన్నాయి. పరిశీలకుడు వస్తున్నాడని నేల కడిగారేమో అనుకుంది. అసలు సంగతి అడిగి తెలుసుకునేదే, కానీ అంతకంటే పెద్ద వింత కళ్లపడింది. ఆ పేపర్ల మీద, గోడ వారగా, నేలమాళిగ సామానంతా బారులు తీరి నిలబడి ఉంది. రిజిస్ట్రారు గారు చేతులు వెనక్కి కట్టుకుని దాన్ని తనివితీరా చూసుకుంటున్నారు.

"ఇదేంటి సార్?" అంది.

"సాయంత్రం గది చేతికొస్తుంది కదా మేడమ్, మళ్లీ అప్పుడు మోయించడమెందుకని ముందే పైకి తెప్పించాను."

"ఆయన ఇంకా రానేలేదు సార్. గది నాకే ఉంచుతారేమో."

"ఉంచితే ఉంచనివ్వండి. మీరు కంగారు పడకండి, ఇవి ఎక్కడికీ పోవు. ఇన్నేళ్లుగా ఎక్కడికి పోయాయి గనక?"

ఆమెకు ఒళ్లు మండింది. ఏదో అనబోయి, గంట మోగడంతో ఆ మాట మింగేసి, అత్తగారి గొడుగును క్లాసు గది బయట ఉన్న గొడుగుల స్టాండులో జాగ్రత్తగా నిలబెట్టి లోపలికి వెళ్లింది.

పాఠం గింజల ప్రయాణం గురించి. మొక్క అడుగు కదపలేదు, మరి దాని గింజ ఊళ్లు ఎలా దాటుతుంది? "దారి పక్కన నిలబడుతుంది," అని చెబుతోంది ఆమె. "ఆ దారిన పోయేవాటి ఒంటికి దాని కాయలు అంటుకుంటాయి. రమ్మని పిలవక్కర్లేదు. దారికి అడ్డంగా ఉంటే చాలు." అంతలో తలుపు అద్దంలోంచి ఒక కుర్చీ వెళ్లిపోవడం కనిపించింది. దాని కింద ఒక విద్యార్థి కూడా ఉన్నాడు. కాసేపటికి ఇద్దరమ్మాయిలు ఒక బల్లను చెరోవైపు పట్టుకుని, పసిపాపను తీసుకెళ్తున్నంత పదిలంగా తీసుకెళ్లారు. ఆ వెనక పూలకుండీ. ఆ వెనక నోటీసు బోర్డు, నోటీసులతో సహా.

సామాను గదిలోకి అప్పుడే ఎక్కించేస్తున్నారా అని మొదట భయపడింది. కానీ సామాను పోతున్నది గది వైపు కాదు, బయటికి. ఎందుకో తెలుసుకోవాలని ఆమె ప్రాణం కొట్టుకుంది. క్లాసులో పిల్లల ప్రాణం కూడా అలాగే కొట్టుకున్నట్టుంది. వెనక బెంచీ కుర్రాడు మంచినీళ్లని చెప్పి వెళ్లి తిరిగి రాలేదు. అతన్ని చూసొస్తానని వెళ్లినవాడూ రాలేదు. మూడో వాడికి సాకు చెప్పే ఓపిక కూడా లేదు, లేచి వెళ్లిపోయాడు. పీరియడ్ చివరికి ముందు వరుస మాత్రం మిగిలింది, వాళ్లూ సంచులు సర్దుకుని కూర్చున్నారు.

గంట మోగగానే మళ్లీ మేడమ్ బయటికి వచ్చింది. పేపర్లు లేవు. వరండా మొత్తం, తన గది గుమ్మం నుంచి మలుపు తిరిగి రిజిస్ట్రారు గారి తలుపు దాకా, నిగనిగలాడే ఆకుపచ్చ. దాని మీద గోడ వారగా ఉన్న సామానులో ఒక్క చెక్క ముక్క లేదు. గొడుగుల స్టాండు లేదు. అందులో గొడుగు ఎలా ఉంటుంది?

ఎదురుగా ఒకమ్మాయి కాళ్లు తుడుచుకునే పట్టా చుట్టి చంకలో పెట్టుకు పోతోంది. అది రిజిస్ట్రారు గారి గుమ్మం ముందుది.

"అమ్మా, అది ఎక్కడిది?"

"ఆకుపచ్చ మీద ఉంది మేడమ్."

"ఎవరినైనా అడిగావా?"

"అడగకూడదు కదా మేడమ్," అంది ఆ అమ్మాయి, గోడ మీద కాగితం చూపిస్తూ. "మీరే రాశారు."

ఆమె తల పట్టుకుంది. వరండా చివర పెయింటరు గారు పాత పేపర్లు ఒక్కొక్కటీ మడతపెట్టి కట్ట కడుతున్నారు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తారని ఆయనకు పేరు. ముందు రోజు సాయంత్రం ఆయనకు డబ్బా అప్పగించింది ఆమే. ఆటల మైదానం కంచెకు తెచ్చి, మిగిలిపోతే పారేయబోతున్న పెద్ద డబ్బా అది.

"పెయింటర్ గారూ, నేను గుమ్మం దగ్గర పట్టీ ఒక్కటే కదా వేయమన్నాను?"

"అవును మేడమ్. అది చిటికెలో అయిపోయింది."

"మరి ఇదంతా?"

"ఒక్క చుక్క కూడా వృథా కాకూడదన్నారు కదా మీరు. చూస్తే డబ్బా నిండుగానే ఉంది. డబ్బా ఖాళీ అయ్యేదాకా వేసుకుంటూ పోయాను. ఎవరూ తొక్కకుండా మీ గదిలోంచే పాత పేపర్లు తెచ్చి పరిచాను. ఆరిపోయింది గనక సామాను ఎత్తి మరీ కిందివన్నీ తీసేశాను. ఇవీ వృథా కాలేదు."

"నన్నొక్క మాట అడగాల్సింది."

"మీ గోడ మీద అడగక్కర్లేదని ఉంది మేడమ్," అన్నారాయన ఏ వెటకారమూ లేకుండా.

ఆయన్ని ఏమని తిట్టగలదు? తను చెప్పిందే చేశారు, తను రాసిందే చదివారు. ముందు గొడుగు వెతకాలా, సామాను వెతకాలా, పరిశీలకుడు రాకముందే నేలను కప్పేయాలా అని ఆమె ఆలోచిస్తుండగానే కంప్యూటర్ల గది తలుపు తెరుచుకుంది. లోపలికి దుమ్ము పోకూడదని అక్కడ బూట్లు బయట విప్పాలి. ఆమె పాఠం చెబుతున్నప్పుడే, పేపర్లు తీయకముందే, రిజిస్ట్రారు గారు పరిశీలకుణ్ని ముందుగా అక్కడికే తీసుకెళ్లారు, మంచివి ముందు చూపిస్తే మళ్లీ గది ఇంకా వెలవెలబోతుందని. ఇద్దరూ బయటికి వచ్చారు, కిందికి చూశారు. రెండు జతల మేజోళ్లు మాత్రం ఉన్నాయి, వాళ్ల కాళ్లకు.

"నా బూట్లేవి?" అన్నారు రిజిస్ట్రారు గారు.

"నావీ లేవు," అన్నాడు పరిశీలకుడు. ఆయన సన్నగా, కళ్లజోడు వెనక పెద్ద కళ్లతో ఉన్న మనిషి. కోపం కంటే ముందు ఆ కళ్లలో ఆసక్తి కనిపించింది. "భలేగా ఉందే. ఎవరు తీసుకెళ్లి ఉంటారు?"

రిజిస్ట్రారు గారు అప్పుడు వరండా చూశారు. తన సామాను ఉండాల్సిన చోట కళ్లు చెదిరే ఆకుపచ్చ తప్ప మరేమీ లేదు. ఆయన ఒంటికాలి మీద లేచారు. "దొంగతనం సార్ ఇది. పట్టపగలు దొంగతనం. ఈ మేడమ్ గది పేరు చెప్పుకుని పిల్లలు యూనివర్సిటీని దోచుకుంటున్నారు."

నీళ్లు నమిలి లాభం లేదని మళ్లీ మేడమ్‌కు తెలిసిపోయింది. గది ఎలాగూ పోయింది, నిజం చెప్పి పోగొట్టుకోవడం నయం అనుకుంది. పెద్ద డబ్బా దగ్గర మొదలుపెట్టి బూట్ల దాకా పొల్లుపోకుండా చెప్పింది. గొడుగు సంగతి మాత్రం చెప్పలేదు, అది ఇంటి విషయం.

పరిశీలకుడు అంతా విని, మేజోళ్లతోనే ముందుకు నడిచాడు. "ముందు ఆ సామాను ఏమైందో చూద్దాం పదండి."

"సార్, కాళ్లకు ఏమీ లేకుండానా?" అన్నారు రిజిస్ట్రారు గారు.

"నేల శుభ్రంగానే ఉంది కదండీ. కొత్తగా రంగు వేశారు."

సామాను కోసం ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది. వెనక పెరట్లో మెకానికల్ విద్యార్థులు కుర్చీలు తలకిందులు చేసి ఒకదాని కాలు ఇంకోదానికి బిగిస్తున్నారు. మరమ్మతు అయిన ఒక కుర్చీలో కూర్చుని ఒకబ్బాయి గిటారు వాయిస్తున్నాడు, కుర్చీ గట్టిదా కాదా అని పరీక్షిస్తున్నాడట. లైబ్రరీ మెట్ల పక్కన చోటు చాలక నేల మీద కూర్చునే పిల్లలు ఇప్పుడు బల్లల దగ్గర కూర్చుని ఉన్నారు. బల్ల కాలు పోయిన చోట ఎవరూ తెరవని లావుపాటి పుస్తకాలు పేర్చారు. తలుపు లేని బీరువాలో పూలకుండీలు పెట్టారు. నోటీసు బోర్డు మీద ఒకమ్మాయి లెక్క చేస్తోంది.

పరిశీలకుడు ఆ కుర్చీలో కూర్చున్నాడు, ఊగాడు, లేచాడు. మళ్లీ కూర్చున్నాడు.

"ఇవన్నీ యూనివర్సిటీ ఆస్తి సార్," అన్నారు రిజిస్ట్రారు గారు. "అన్నీ వెంటనే వెనక్కి తెప్పిస్తాను."

"ఇన్నాళ్లూ ఎక్కడున్నాయండీ ఇవి?"

"నేలమాళిగలో సార్."

"ఎందుకు?"

"భద్రంగా ఉంటాయని."

మళ్లీ మేడమ్ ఈ మాటలేవీ వినడం లేదు. గిటారు అబ్బాయిని పరీక్షగా చూస్తోంది. తను స్తంభం చాటున ఉన్న రోజుల్లో గుమ్మం దాకా వచ్చి ఫోను చెవిన పెట్టుకుని వెళ్లిపోయినవాళ్లలో ఇతనూ ఉన్నాడు.

"బాబూ, మా గదిలో ఇంత సామాను ఉంటే అప్పుడెందుకు తీసుకోలేదు?"

ఆ అబ్బాయి కాస్త మొహమాటపడ్డాడు. "గదిలోకి వస్తే మా దగ్గర లేవని అందరికీ తెలిసిపోతుంది కదా మేడమ్. ఇవైతే దారిలో ఉన్నాయి. దారిన పోతూ పట్టుకొచ్చాం."

ఆమెకు ఒక్కసారిగా కళ్లు తెరుచుకున్నట్టయింది. పొద్దున తను చెప్పిన పాఠమే ఇది. ఇన్నాళ్లూ గింజలన్నిటినీ గదిలో పెట్టి, రండి రండి అని కాగితాలు అంటించింది. పిల్లలకు తీసుకోవడానికి సిగ్గు లేదు, గుమ్మం తొక్కడానికే సిగ్గు. ఆమెకు ఎంత సంతోషం వచ్చిందంటే, గది పోతున్న సంగతి కూడా కాసేపు మరిచిపోయింది.

గుర్తు చేయడానికి రిజిస్ట్రారు గారు ఉన్నారు. "సార్, పిల్లలతో ఇవన్నీ వెనక్కి ఇచ్చేయమని మీరొక మాట అనండి."

మళ్లీ మేడమ్ తలెత్తింది. "కుదరదు సార్. ఆకుపచ్చ మీద పెట్టింది మీరు, తీసుకెళ్లింది వాళ్లు. తిరిగి అడిగే హక్కు ఎవరికీ లేదు. రిజిస్ట్రారుకైనా, నాకైనా నియమం ఒకటే."

"అది నియమం కాదు, పెయింటరు పొరపాటు."

"పొరపాటైతే ఏంటండీ," అన్నాడు పరిశీలకుడు కుర్చీలోంచి కదలకుండానే. "ఒకటి చెప్పండి. ఆ గది మీకెందుకు కావాలన్నారు?"

"సామాను పెట్టుకోవడానికి సార్."

"ఏ సామాను?"

రిజిస్ట్రారు గారు పెరడు చూశారు, మెట్లు చూశారు, పూలకుండీల బీరువా చూశారు. పెట్టడానికి ఒక్క విరిగిన స్టూలు కూడా మిగల్లేదని ఆయనకు అప్పుడే అర్థమైనట్టుంది.

"గది మేడమ్ దగ్గరే ఉంటుంది," అన్నాడు పరిశీలకుడు. "వరండా కూడా ఇలాగే ఉండనివ్వండి. పదండి, నాకు బూట్లు కావాలి."

మళ్లీ గదిలో చలికోట్ల కింద బూట్ల వరస ఉంది. పరిశీలకుడు ఒక గోధుమ రంగు జత తొడుక్కుని అటూ ఇటూ నడిచి, పోయినవాటికంటే ఇవే హాయిగా ఉన్నాయన్నాడు. అదే వరస చివర నల్ల బూట్లు తళతళలాడుతూ ఉన్నాయి. అవి రిజిస్ట్రారు గారివే. తీసుకెళ్లినవాడెవడో కాలికి పట్టక, వృథా కాకూడదని బుద్ధిగా తెచ్చి ఇక్కడ పెట్టినట్టున్నాడు. ఆయన అటూ ఇటూ చూసి, తన బూట్లను తనే, ఎవరినీ అడగకుండా తీసుకున్నారు.

అంతలో మళ్లీ మేడమ్ గుండె గంతులేసింది. తలుపు పక్కన గొడుగుల స్టాండు. అందులో చెక్క పిడి. దాన్ని కూడా ఎవరో పుణ్యాత్ములు ఇక్కడికే చేర్చారు. అత్తగారి ముఖం ఎలా చూడాలన్న బెంగ తీరిపోయి ఆమె చెయ్యి చాపింది. సరిగ్గా అప్పుడే బయట వాన మొదలైంది. సరిగ్గా అప్పుడే పరిశీలకుడి చెయ్యి ముందుగా అందులోకి వెళ్లింది.

"అబ్బ, ఇలాంటి పిడి ఇప్పుడెక్కడ దొరుకుతుంది," అన్నాడాయన గొడుగు తెరిచి చూస్తూ. "మేడమ్, ఇది నేను తీసుకోవచ్చా?" అని, తన మాటకు తనే నవ్వుకున్నాడు. "అడగక్కర్లేదు కదూ."

ఆమె నోరు తెరిచింది. పక్కన రిజిస్ట్రారు గారు బూటు లేసు కట్టుకుంటూ ఆగిపోయి, ఆ నోట్లోంచి ఏం వస్తుందా అని ఎంతో శ్రద్ధగా చూస్తున్నారు. అది మా అత్తగారిదండీ, ఇచ్చేయండి అన్న మరుక్షణం నేలమాళిగ సామానంతా ఈ గదిలో ఉంటుంది. ఆ విషయం ఇద్దరికీ తెలుసు.

"అడగక్కర్లేదు సార్," అంది.

పరిశీలకుడు ఆ గొడుగు వేసుకుని హుషారుగా కారు దాకా నడిచాడు. రిజిస్ట్రారు గారు కూడా తన ఖరీదైన గొడుగు వేసుకుని వెళ్లి ఆయన్ని సాగనంపి, తిరిగొచ్చి, లోపల తివాచీ తడవకూడదని ఎప్పటిలాగే దాన్ని తన గుమ్మం ముందు తెరిచి ఆరబెట్టారు.

కోడలు తడిసి ముద్దయి ఇల్లు చేరేసరికి అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. ముఖం చూడలేదు, చేతులు చూశారు.

"గది దక్కిందా?"

"దక్కిందత్తయ్యా."

"గొడుగు?"

తువ్వాలు కప్పుకుని, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా కోడలు జరిగిందంతా చెప్పింది. గది కోసం మావయ్యగారి గొడుగు వదిలేశానని, ఏం తిట్టినా పడతానని అంది. అత్తగారు తిట్టలేదు. కోడలి జుట్టు తుడుస్తూ, ఆ నియమాలేవో ఇంకోసారి చెప్పమన్నారు, చెబితే తలూపుతూ విన్నారు.

"ఆ ఆకుపచ్చ రిజిస్ట్రారు గుమ్మం దాకా ఉందన్నావు కదూ?"

"ఉందత్తయ్యా. ఎందుకు?"

"ఊరికే అడిగాను. రేపు నేనూ నీతో వస్తానమ్మాయ్, నీ గది ఎలా ఉంటుందో చూడాలనుంది."

మర్నాడు సాయంత్రం రిజిస్ట్రారు గారు వానలో తడుస్తూ ఇంటికి వెళ్లారు.